నోబుల్ పిల్లలు కట్టిన బందరు

పూర్వ విద్యార్థులకు సన్మానం అనగానే మన కాలేజీల్లో ఒక జాబితా తయారవుతుంది. పైన కలెక్టర్లు, జడ్జీలు, ఆ కింద వైస్‌చాన్సలర్లు, డాక్టర్లు, అమెరికాలో కంపెనీలు పెట్టినవాళ్ళు. చివర్న చోటు మిగిలితే ‘సంఘసేవ’ అని ఒక గడి. ఆ గడిలో పడేవాడు సాధారణంగా ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. శాలువా అందరికీ ఒకటే అయినా చప్పట్లు మాత్రం జాబితా వరసలోనే పడతాయి.

బందరు (మచిలీపట్నం) నోబుల్ కళాశాల దగ్గరికి వచ్చేసరికి ఈ జాబితాను కింది నుంచి పైకి చదవాలి. ఆ కాలేజీకి పేరు తెచ్చినవాళ్ళలో ముందు తలుచుకోవలసినవాళ్ళు, చదువయ్యాక బందరు వదలనివాళ్ళు, లేదా పై చదువులకు వెళ్ళి బందరుకే తిరిగొచ్చినవాళ్ళు. ఒకరు పత్రిక నిలబెట్టారు, ఒకరు కళాశాల కట్టారు, ఒకరు బ్యాంకు పెట్టారు. పదవులు కొందరికి వచ్చాయి. రాకపోయినా వాళ్ళ పేరు తరిగేది కాదు.

ముందు వయసు సంగతి చూద్దాం. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. బందరులో నోబుల్ దొర బడి తెరిచింది 1843లో. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం కన్నా పాఠం చెప్పే బడే పద్నాలుగేళ్ళు పెద్దదన్నమాట. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1976లో నాగార్జున, 2008లో బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాయి. ఒకే ఇంట్లో ముత్తాత పట్టా మీద మద్రాసు ముద్ర, తాతది ఆంధ్ర, తండ్రిది నాగార్జున, మనవరాలిది కృష్ణా. ఎక్కడ చదివారని అడిగితే మాత్రం నలుగురి నోటా వచ్చే మాట ‘నోబుల్లో’ అనే.

రాబర్ట్ టర్లింగ్‌టన్ నోబుల్ కేంబ్రిడ్జిలో చదువుకున్న ఇంగ్లీషు పాదిరి. హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే తోటి మిషనరీతో కలిసి 1841లో బందరు వచ్చాడు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించే పని ఎత్తుకుంటే, నోబుల్ ఊళ్ళోనే కూర్చుని బడి పెట్టాడు. ఆయన ఎత్తు సూటిగానే ఉంది: పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెబితే వాళ్ళ ద్వారా క్రీస్తు మతం కిందికి పాకుతుందని. అంటరానివాళ్ళన్న పిల్లలను ఆయన బళ్ళోకి రానివ్వలేదు. ఈ మాట దాచిపెట్టి పొగడ్తలు మాత్రమే రాయడం నాకు ఇష్టం లేదు. మతం మార్చడానికి వచ్చిన మనిషి కూడా ఊరి కులం కట్టుబాటుకు తల వంచాడు. బడి నిలబడాలంటే అదొక్కటే దారి అని ఆయన అనుకున్నాడు. ఆ లెక్క ఆయనకు నిజంగా కలిసి వచ్చిందా అంటే అదీ లేదు. 1852లో ఇద్దరు అగ్రకుల విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకునేసరికి బందరు అట్టుడికిపోయింది. పెద్దవాళ్ళు వచ్చి పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయారు. బడి దాదాపు ఖాళీ అయింది. మళ్ళీ నిండడానికి చాలా కాలం పట్టింది.

నిండింది మాత్రం బైబిలు కోసం కాదు. సర్కారు కచేరీల్లో, కోర్టుల్లో ఇంగ్లీషు వచ్చినవాడికి అన్నం దొరుకుతుందని అప్పటికి అందరికీ అర్థమైంది. 1855కు బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి. గుడివాడ, దివి తాలూకాల్లో మెట్ట చేలు మాగాణులయ్యాయి. ఒక తరం గడిచేసరికి, వడ్లు అమ్ముకున్న రైతు ఇంట్లో ఒక కొడుకుని చదువుకు పంపగలిగే స్థోమత వచ్చింది. బందరు కాలవలో పడవ ఎక్కి, బియ్యం మూట, పచ్చడి జాడీ పక్కన పెట్టుకుని చదువుకోవడానికి వచ్చిన పల్లెటూరి కుర్రాళ్ళు ఈ కథలో సగం మంది. నోబుల్ కళాశాల చరిత్ర రాసేవాళ్ళు ఇంగ్లండు నుంచి వచ్చిన దొరల గురించి రాసినంతగా కాటన్ దొర తవ్వించిన కాలవల గురించి రాయరు. ఆ నీళ్ళు లేకపోతే ఈ బళ్ళోకి పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు?

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. ఊళ్ళోనూ చుట్టుపక్కలా ముప్పై వేల మంది పోయారని అప్పటి అంచనా. రేవు పట్టణంగా బందరు మళ్ళీ లేవలేదు. ఆ మరుసటి ఏడు, 1865 అక్టోబరులో, నోబుల్ దొర బందరులోనే కన్ను మూశాడు. 1841లో వచ్చిన మనిషి మళ్ళీ స్వదేశం మొహం చూడలేదు. ఆయన ఆశయంతో ఏకీభవించనివాళ్ళు కూడా ఈ ఒక్క విషయానికి ఆయనకు నమస్కారం పెట్టవచ్చు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఊళ్ళో ఒకే పని చేసినవాడు. బడి ఎదిగి కళాశాల అయ్యాక దానికి ఆయన పేరే స్థిరపడింది. తరువాత దాన్ని నడిపిన జాన్ షార్ప్ వంటివాళ్ళు పరీక్షల్లో దాని పేరు నిలబెట్టారు.

ఇక్కడికి వచ్చిన గురువుల్లో ఒకాయన సంగతి విడిగా చెప్పుకోవాలి. రఘుపతి వెంకటరత్నం నాయుడు పుట్టింది బందరులోనే, 1862లో. చదువు హైదరాబాదులో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో సాగింది. 1890లలో నోబుల్ కళాశాలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి వచ్చాడు. ఆయన బ్రహ్మసమాజి. క్రైస్తవ మిషను కాలేజీలో ఒక బ్రహ్మసమాజి పాఠం చెబుతుంటే, బ్రాహ్మణ విద్యార్థులు తన్మయులై వినడం అనే వింత బందరులో జరిగింది. ఎప్పుడూ తెల్లబట్టలే కట్టేవాడు. భోగం మేళాలు పెట్టిన పెళ్ళికి వెళ్ళేవాడు కాదు, తన శిష్యుల్నీ వెళ్ళనిచ్చేవాడు కాదు. తరువాత సికింద్రాబాదు మహబూబ్ కాలేజీకి, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్ళాడు. కాకినాడలో అంటరాని కులాల పిల్లలను, ఆడపిల్లలను చేర్చుకున్నాడు. నోబుల్ దొర తెరవని తలుపు నోబుల్ కాలేజీ మేస్టారు వేరే ఊళ్ళో తెరిచాడన్నమాట. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్‌చాన్సలర్ అయ్యాడు.

ఆయన బందరులో ఉన్న కొద్ది ఏళ్ళలో ఆయన ముందు కూర్చున్నవాళ్ళ పేర్లు చూడండి. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, నందిగామ నుంచి వచ్చిన అయ్యదేవర కాళేశ్వరరావు. ఒక్క గురువు చేతి మీదుగా ఒకే కాలంలో ఇంతమంది రావడం తెలుగునాట మరో కాలేజీకి దక్కిందా అంటే నాకు అనుమానమే. అయ్యదేవర బెజవాడలో స్థిరపడ్డాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరయ్యాడు. ఆ పదవి ఎందరికి గుర్తుందో తెలియదు గాని, విజయవాడలో కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్ళి కూరలు కొనే ప్రతి ఇల్లాలి నోటా ఆయన పేరు ఆడుతూనే ఉంది. మిగతా ముగ్గురూ బందరు మనుషులు.

1907 వేసవిలో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటనకు వచ్చాడు. ఆయన వెంట ఊరూరా తిరిగినవాడు ముట్నూరి కృష్ణారావు. వందేమాతరం, స్వదేశీ, జాతీయ విద్య అనే మాటలు ఊళ్ళను ఊపేశాయి. ఆ వేడి చాలాచోట్ల ఆ వేసవితోనే పోయింది. బందరులో మాత్రం 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలగా నిలబడింది. సర్కారు గ్రాంటు వద్దు, సర్కారు పరీక్షలు వద్దు, మన చదువు మనమే చెప్పుకుందామన్న సంస్థ అది. దాన్ని పెట్టినవాళ్ళు ఎవరు? ఇంగ్లీషు పాదిరి బళ్ళో చదువుకున్న ఈ ముగ్గురే.

నోబుల్ కళాశాలకు ఇంతకు మించిన సన్మానం మరొకటి లేదని నేనంటాను. కొందరు దీన్ని తిరుగుబాటుగా చెబుతారు. గురుద్రోహం అన్నవాళ్ళూ ఆ కాలంలో ఉండే ఉంటారు. నాకైతే అలా కనిపించదు. ఒక బడి చెప్పిన చదువుతో ఆ బడి లోపాన్ని పట్టుకుని, సరిదిద్దడానికి అదే ఊళ్ళో పక్కనే ఇంకో బడి కట్టగలిగిన విద్యార్థులను తయారు చేసిందంటే ఆ బడి బాగా చెప్పిందనే అర్థం.

ఆ కళాశాల భారమంతా మోసినవాడు కోపల్లె. ఎం.ఏ., బి.ఎల్. చదివిన మనిషి. ప్లీడరీ చేసుకుంటే హాయిగా సంపాదించుకునేవాడు. వదిలేశాడు. విరాళాల జోలె పట్టి ఊరూరా తిరిగాడు. కాలేజీలో పుస్తకం చదువు ఒక్కటే కాదు, చేతిపని కూడా ఉండాలన్నది ఆయన పట్టు: మగ్గం, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం. తలకు వచ్చినది చేతికి రాకపోతే ఆ చదువు గుమాస్తాగిరికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆయన నమ్మకం. బొమ్మలు నేర్పడానికి బెంగాలు నుంచి ప్రమోద కుమార చటర్జీని రప్పించారు. ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు తరువాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యాడు. భట్లపెనుమర్రు పిల్లవాడు పింగళి వెంకయ్య కూడా అక్కడ పాఠాలు చెప్పాడు. ఆయన జెండాల మీద పుస్తకం అచ్చు వేసింది 1916లో. బెజవాడ కాంగ్రెసు సమావేశంలో గాంధీజీ చేతికి జెండా నమూనా ఇచ్చింది 1921లో. విశ్వనాథ సత్యనారాయణ ఉద్యోగజీవితం తొలినాళ్ళలో పాఠాలు చెప్పిన చోటు కూడా ఇదే.

కోపల్లె 1922 ఫిబ్రవరిలో పోయాడు. అప్పటికి ఆయనకు నలభై రెండు నిండలేదు. మంత్రి కాలేదు, గవర్నరు కాలేదు, గొప్ప గ్రంథమేదీ వదిలి వెళ్ళలేదు. పూర్వ విద్యార్థుల జాబితా చేసేవాడు ఈయన పేరు పక్కన ‘హోదా’ అనే గడిలో ఏం రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చోవాలి. కాబట్టే నోబుల్ కళాశాల తన బిడ్డలను పిలిచి వరసలో నిలబెట్టవలసి వస్తే, మొదటి పిలుపు ఈయనకే అందాలని నేను పట్టుబడతాను.

ముట్నూరి వరస వేరు. కృష్ణాపత్రికను 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు మొదలుపెట్టారు. 1907లో సంపాదకత్వం ముట్నూరి చేతికి వచ్చింది. 1945లో ఆయన పోయేదాకా ఆయన చేతిలోనే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే కుర్చీ, ఒకే ఊరు. మద్రాసు వెళ్ళి దినపత్రిక పెట్టి ధనవంతుడు కావచ్చు. పక్కనే పామర్రు దగ్గర ఎలకుర్రు నుంచి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం పెట్టి, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, తరువాత మద్రాసులో దినపత్రికగా మార్చి, ఆ పని చేసి చూపించాడు కూడా. ముట్నూరికి ఆ వాంఛ లేదు. సాయంకాలం పత్రికాఫీసులో జరిగే గోష్ఠికి ‘దర్బారు’ అని పేరు. కవులు, గాయకులు, ప్లీడర్లు, చదువుకునే కుర్రాళ్ళు చేరేవారు. అందులో వాదన గెలిచినవాడికీ ఓడినవాడికీ దక్కేది ముట్నూరి మాట వినే భాగ్యం. ఆయన సంపాదకీయాలు ఇప్పుడు చదివితే కొంచెం భారంగానే అనిపిస్తాయి, వేదాంతం పాలు ఎక్కువ. కానీ ఒక జిల్లా పట్టణంలోంచి వచ్చే వారపత్రిక కోసం ఆంధ్రదేశం ఎదురుచూసిందంటే అందులో ఏదో ఉండే ఉండాలి.

పట్టాభి గురించి అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. గుండుగొలనులో 1880లో పుట్టాడు. ఎఫ్.ఏ. నోబుల్లో, బి.ఏ. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో, ఆపైన వైద్యం. బందరులో ప్రాక్టీసు పెట్టి, నడుస్తున్న ప్రాక్టీసును కొన్నేళ్ళకే వదిలేశాడు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసి 1,580కి 1,377 ఓట్లతో ఓడాడు. ఆ ఓటమి తనదేనని గాంధీజీ ప్రకటించడంతో ఓడినవాడి పేరు దేశమంతా మోగింది. 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. తరువాత మధ్యప్రదేశ్ గవర్నరు. ఈ వివరాలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి.

నాకు వీటన్నిటి కన్నా పెద్దగా కనిపించేది 1923 నవంబరు 28. ఆ రోజు బందరులో ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. డెల్టాలో పంట చేతికి రాకముందే రైతు అప్పు చేస్తాడు. షావుకారు వడ్డీ కట్టలేక కల్లంలోనే వడ్లు ఒప్పజెబుతాడు. మంచి ధర వచ్చేదాకా ఆగే ఓపిక ఉన్నవాడికి లాభం, ఆ ఓపిక లేనిది పండించినవాడికే. ఈ లెక్క నాడి చూడడం వచ్చిన డాక్టరుకు అర్థమైంది. అంతకు ముందు 1915లో జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, ఆ తరువాత బీమా కంపెనీలు, అన్నీ ఆయన చేతి మీదుగా బందరులో పుట్టాయి. రేవు పోయిన ఊరికి బ్యాంకుల ఊరనే పేరు కొన్నేళ్ళపాటు వచ్చింది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, పేరు బోర్డుల మీద నుంచి దిగిపోయింది. నూరేళ్ళ పండగకు మూడేళ్ళు తక్కువ. ఈ తొందరపాటును బందరువాళ్ళు ఇప్పటికీ మనసులో పెట్టుకున్నారు. పెట్టుకోవడంలో తప్పు లేదు కూడా.

ఇంతవరకు చెప్పిన పేర్లన్నీ ఇంచుమించు ఒకే అగ్రహారపు నీడ నుంచి వచ్చినవి. రైతు ఇళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఎక్కడ? గుడివాడ పక్కన అంగలూరు నుంచి ఒకాయన 1911లో ఇంటర్మీడియట్ చదవడానికి నోబుల్లో చేరాడు. అప్పటికే వయసు ఇరవై నాలుగు, పెళ్ళయింది, ఇంట్లో ఏడాది నిండని కొడుకు. పక్క బెంచీ మీద మీసం రాని కుర్రాళ్ళు. ఆయన త్రిపురనేని రామస్వామి. ఆ పసివాడే తరువాత నవలాకారుడు గోపీచంద్. రామస్వామి 1914లో ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో లా చదివాడు. తిరిగొచ్చి కొన్నాళ్ళు బందరులో ప్రాక్టీసు చేసి, తెనాలి చేరాడు. ‘శంబుక వధ’, ‘సూతపురాణం’ రాసి పండితులకు నిద్ర లేకుండా చేశాడు. పెళ్ళి మంత్రాలు తెలుగులోనే ఉండాలని ‘వివాహవిధి’ రాయడంతో ఆగక తానే పురోహితుడై పెళ్ళిళ్ళు జరిపించాడు. జాతీయ కళాశాల వాళ్ళు దొరల చదువును ప్రశ్నిస్తే, ఈయన ఆ జాతీయవాదుల పురాణాలనే ప్రశ్నించాడు. రెండు ప్రశ్నలూ ఒకే కాలేజీ నుంచి వచ్చిన మనుషులవి. నోబుల్ తన జాబితాలో ఈ రెండు రకాలవాళ్ళనూ పక్కపక్కన కూర్చోబెట్టగలిగితే ఆ సభ చూడముచ్చటగా ఉంటుంది, కాస్త గొడవగానూ ఉంటుంది.

సంఘసేవ అన్న మాటకు మా డెల్టాలో ఒక గట్టి కొలబద్ద ఉంది: ఉప్పెన. 1864 నాటిది పుస్తకాల్లో ఉంది. 1977 నవంబరు 19 నాటిది ఇంకా మనుషుల జ్ఞాపకాల్లో ఉంది. దివిసీమలో సముద్రం ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అవనిగడ్డలో అప్పుడు నిలబడి పని చేసిన మండలి వెంకట కృష్ణారావు, 1957లో బందరు నుంచి లోక్‌సభకు వెళ్ళినవాడు, రాష్ట్రంలో విద్యామంత్రిగా ఉన్నవాడు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆయన చేతుల మీదుగానే. దివి ప్రాంతంలో ఆయనను తలుచుకునేవాళ్ళు ముందు చెప్పేది మహాసభల సంగతి కాదు, శవాలు తీసిన రోజులూ ఇళ్ళు కట్టిన రోజులూ. సన్మానాలు చేసేవాళ్ళు ఆ ఊళ్ళకు వెళ్ళి ఒక్క పూట కూర్చుని వింటే చాలు, జాబితాలో ఎవరి పేరు ఎక్కడ ఉండాలో వాళ్ళే చెబుతారు.

గుడివాడ వాళ్ళు సన్మానాల విషయంలో మనకన్నా ఒక అడుగు ముందున్నారు. అక్కడ 1950లో కళాశాల వచ్చింది. బందరు దాకా పడవెక్కి, రైలెక్కి రావలసిన అవసరం తప్పింది. దానికి లక్ష రూపాయల విరాళం ఇచ్చినవాడు పక్క ఊరు రామాపురంలో 1923లో పుట్టి, పెద్ద చదువులకు నోచుకోక, చిన్నప్పటి నుంచే నాటకాల్లో ఆడవేషాలు వేసిన కుర్రాడు, అక్కినేని నాగేశ్వరరావు. కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఏ కాలేజీ బెంచీ మీదా కూర్చోనివాడు ఆ కాలేజీ గేటు మీద ఉన్నాడు. అక్కడే 1955లో డిగ్రీ పుచ్చుకున్న కౌతవరం కుర్రాడు కైకాల సత్యనారాయణ సినిమాల్లోకి వెళ్ళి, యముడి వేషానికి తెలుగువాళ్ళు మరొకరిని ఊహించుకోలేనంతటివాడయ్యాడు. 1996లో గెలిచి బందరు ఎంపీగా ఢిల్లీ వెళ్ళాడు.